వ్యాయామం మానితే బట్టతల ఆగుతుందా?

ప్రశ్న:
నా వయసు 27. రెండేళ్లుగా నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోంది, మాడు మీద కూడా పలచబడింది. ఈ వయసులో మా నాన్నగారికి ఒత్తైన జుట్టే ఉండేదట. మేనమామకు మాత్రం ముప్పై నిండకముందే బట్టతల వచ్చింది. బరువులు ఎత్తితే టెస్టోస్టిరాన్ పెరిగి జుట్టు ఊడుతుందని మిత్రుడొకరు గట్టిగా చెప్పడంతో రెండు నెలలుగా వ్యాయామం మానేశాను. రాత్రి విధుల వల్ల నిద్ర తక్కువ, రోజుకు నాలుగైదు సిగరెట్లు కూడా కాలుస్తాను. వీటిలో ఏది మార్చుకుంటే జుట్టు నిలుస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు:
వ్యాయామం మళ్లీ మొదలుపెట్టండి. బరువులు ఎత్తినప్పుడు టెస్టోస్టిరాన్ కొద్దిగా పెరిగినా కాసేపటికే మామూలు స్థాయికి వస్తుంది. కండల కోసం బయటి నుంచి తీసుకునే స్టెరాయిడ్ల సంగతి వేరు, అవి బట్టతలను నిజంగానే తొందరపెట్టగలవు. అసలు బట్టతల ఉన్నవారిలో చాలామందికి రక్తంలో టెస్టోస్టిరాన్ అందరికీ ఉన్నంతే ఉంటుంది. తేడా కుదుళ్లలో ఉంది. 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా, అంటే డీహెచ్‌టీగా మారుస్తుంది; దానికి లొంగే గుణం వారసత్వంగా వచ్చిన కుదుళ్లలో వెంట్రుక పెరిగే దశ ఏళ్ల నుంచి నెలలకు కుదించుకుపోయి, ఊడి మొలిచిన ప్రతిసారీ వెంట్రుక మరింత సన్నబడి, చివరకు నూగు మిగులుతుంది. విచిత్రమేమిటంటే గడ్డాన్ని ఒత్తుగా పెంచేదీ ఆ హార్మోనే. తల వెనుక కుదుళ్లు దానికి అంతగా లొంగవు కనుకనే జుట్టు మార్పిడికి వెంట్రుకలను అక్కడి నుంచి తీస్తారు.

1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన పురుషులకు బట్టతల రాదని, వారికి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు ఆ లక్షణం వంశంలో ఉన్నవారికే జుట్టు ఊడిందని గమనించారు. ఇక మేనమామ పోలిక విషయానికొస్తే, ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అది మీకు తల్లి నుంచే వస్తుంది. అలాగని తండ్రి వైపు జన్యువుల పాత్ర లేదనుకోకూడదు.

రెండవ జవాబు:
పొగతాగేవారిలో బట్టతల ఎక్కువగా కనిపిస్తున్నట్టు పరిశీలనలు ఉన్నాయి, కాకపోతే మానేస్తే పోయిన జుట్టు తిరిగి వస్తుందని ఎవరూ నిరూపించలేదు. మానడానికి గుండె, ఊపిరితిత్తులే చాలినంత కారణం.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఒక విషయం చెప్పడం మరిచాను. మూడు నెలల క్రితం తీవ్రమైన జ్వరంతో పది రోజులు మంచం పట్టాను, ఈ మధ్య దువ్విన ప్రతిసారీ గుప్పెడు జుట్టు వస్తోంది. ఇదీ బట్టతలలో భాగమేనా?

మూడవ జవాబు:
ఇది వేరే సమస్య కావచ్చు. తీవ్రమైన జ్వరం, శస్త్రచికిత్స, కఠినమైన ఉపవాసాలు, పెద్ద మానసిక ఆఘాతం వంటివాటి తరువాత చాలా కుదుళ్లు ఒకేసారి విశ్రాంతి దశకు చేరి, రెండు మూడు నెలలకు తలంతటా జుట్టు రాలుతుంది. కారణం తొలగితే ఇది సాధారణంగా కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. జీవనశైలి ప్రభావం స్పష్టంగా కనిపించేది ఇక్కడే. నుదుటి పక్కలా మాడు మీదా రెండేళ్లుగా సాగుతున్నది మాత్రం నిద్రతోనో నూనెతోనో ఆగదు.

దానికి రెండు మందులు ఉన్నాయి. ఫినాస్టిరైడ్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని డీహెచ్‌టీని తగ్గిస్తుంది. 1 మిల్లీగ్రాము మాత్రకు అమెరికాలో 1997లో అనుమతి లభించింది. కొందరిలో లైంగిక వాంఛ తగ్గడం, మనసు కుంగడం వంటి ఇబ్బందులు రావచ్చు కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడకండి. తలకు రాసే మినాక్సిడిల్‌కు హార్మోన్లతో పని లేదు, అది మొదట రక్తపోటుకు ఇచ్చిన మందు. ఏది మానినా, దానివల్ల నిలిచిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది. చర్మవైద్యుడిని కలిసినప్పుడు జ్వరం సంగతి, మేనమామ సంగతి రెండూ చెప్పండి. లేకపోతే రెండు సమస్యలనూ ఒకటిగా లెక్కగట్టే ప్రమాదం ఉంది.