రాడ్స్ అలవాటైతే చెయ్యి పాడవుతుందా?

కొత్తబీట్: ఒక అకూస్టిక్ గిటార్, ఇద్దరు గాయకులు, డ్రమ్స్ మీద నేను. వాయించేది చిన్న గదిలో. స్టిక్స్‌తో వాయిస్తుంటే తమ గొంతు తమకే వినపడట్లేదని పాడేవాళ్లు అన్నారు. అందుకని రాడ్స్ తెచ్చుకున్నాను. తెలియనివాళ్ల కోసం: సన్నటి గుండ్రని చెక్క పుల్లలను కట్టగా బిగించి స్టిక్‌లా చేసినవి. ఇప్పుడు అందరికీ హాయిగా ఉంది. కానీ మా మాస్టారు మాత్రం "అవి పక్కన పెట్టు, స్టిక్స్‌తోనే మెల్లగా వాయించడం నేర్చుకో, లేకపోతే చెయ్యి పాడవుతుంది" అంటున్నారు. రెండు వారాలుగా ఇదే టెన్షన్. మీరేమంటారు?

సింగిల్‌స్ట్రోక్: మీ మాస్టారు చెప్పిందే నిజం. శబ్దం ఎంత వస్తుందన్నది స్టిక్‌ను ఎంత ఎత్తు నుంచి దించుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. కొనను హెడ్‌కు (డ్రమ్ మీద బిగించిన పొరకు) రెండంగుళాల ఎత్తు దాటనివ్వకుండా ఒక పాట మొత్తం వాయించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ కష్టంలోంచే అదుపు వస్తుంది. ఇంకో సంగతి, రీబౌండ్. హెడ్ మీద పడ్డ స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంది, డబుల్ స్ట్రోక్‌లో (ఒకే చేత్తో వెంటవెంటనే వేసే రెండు దెబ్బల్లో) రెండో దెబ్బ దాన్నుంచే పుడుతుంది. రాడ్ అంతగా లేవదు. దాంతో ప్రతి దెబ్బకూ మణికట్టుతో లాగాల్సి వస్తుంది. ఆరు నెలలు అవే వాడి మళ్లీ స్టిక్స్ పట్టుకున్నప్పుడు నా రోల్స్ (ఆగకుండా వరసగా వేసే దెబ్బలు) ఎంత ముద్దగా వచ్చాయో నాకింకా గుర్తే.

బ్రష్‌మనిషి: మెల్లగా కావాలంటే బ్రష్‌లు, అదే సన్నటి తీగల కుంచెలు, ఉన్నాయిగా?

కొత్తబీట్: ప్రయత్నించానండి. నిదానం పాటలకు బాగున్నాయి, కాస్త ఊపున్న పాటల్లో బీట్‌కు బలం రాలేదు.

రాత్రిస్నేర్: అసలు రాడ్స్‌ను శబ్దం తగ్గించే పనిముట్టుగా చూడటమే నాకు నచ్చదు. సింగిల్‌స్ట్రోక్ గారు రీబౌండ్ గురించి చెప్పింది నిజమే, దానితో పేచీ లేదు. కానీ స్టిక్‌ను రెండంగుళాల ఎత్తు నుంచి వేస్తే వచ్చేది మెల్లని స్టిక్ శబ్దం, రాడ్ శబ్దం కాదు. స్టిక్ ఒక్క చోట, ఒక్క క్షణంలో తగులుతుంది, అందుకే దెబ్బకు మొన ఉంటుంది. ప్రోమార్క్ కంపెనీ హాట్ రాడ్స్ తీసుకుంటే అందులో 19 బర్చ్ చెక్క పుల్లలుంటాయి. అవన్నీ ఒకేసారి తగలవు. వెంట్రుకవాసి తేడాతో ఒకదాని వెనక ఒకటి పడతాయి. దాంతో మొన అరిగి, దెబ్బ కాస్త వెడల్పవుతుంది, చప్పట్లో చెక్క కలిసినట్టు వినిపిస్తుంది. అదే కంపెనీ థండర్ రాడ్స్‌లో లావుపాటి పుల్లలు ఏడే ఉంటాయి, అవి స్టిక్‌కు దగ్గరగా, ఎక్కువ శబ్దంతో పలుకుతాయి.

చాలా రకాల్లో కట్టు మీద జరిగే రింగు ఒకటుంటుంది. దాన్ని కొన వైపు జరిపితే పుల్లలు బిగిసి దెబ్బ గట్టిపడుతుంది, పిడి వైపు లాగితే విచ్చుకుని మెత్తబడుతుంది. నేను పల్లవికీ చరణానికీ మధ్య దాన్ని జరుపుతుంటాను. పుల్లల కట్టతో వాయించడం నిన్నమొన్నటిదీ కాదు. ఆస్ట్రియా స్వరకర్త మాలర్ 1894లో పూర్తిచేసిన రెండో సింఫనీలో 'రూట' అనే పుల్లల కట్ట కావాలని స్కోరులోనే రాశాడు. అంత పెద్ద ఆర్కెస్ట్రాలో దాన్ని పెట్టింది శబ్దం తగ్గించడానికి కాదు, ఆ చప్పుడు కావాలని.

సింగిల్‌స్ట్రోక్: ఆ చప్పుడు బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. మరి రైడ్ (లయ నడిపే పెద్ద సింబల్) సంగతేమిటి? స్టిక్‌కు కొన గుండు ఉంటుంది కాబట్టి సింబల్ మీద "టింగ్" అని విడిగా పలుకుతుంది. రాడ్‌తో వట్టి "ష్ష్" మిగులుతుంది. లయ అంతా రైడ్ మీద నడిచే పాటలో అది నాకు లోటే.

రాత్రిస్నేర్: అక్కడ మీరే గెలిచారు. అలాంటి పాటకు నేనూ స్టిక్సే తీస్తాను. లేదంటే లయను హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) మీదికి మార్చేస్తాను.

బ్రష్‌మనిషి: రిమ్‌షాట్లు (హెడ్‌నూ డ్రమ్ అంచునూ ఒకేసారి కొట్టే దెబ్బలు) మాత్రం వేయకండి. అంచు తగిలితే బయటి పుల్లలు ముందు విరుగుతాయి. నావి అలాగే పోయాయి.

పెడల్‌పాదం: ఎవరూ కిక్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) గురించి మాట్లాడలేదేమిటి? చేతిలో రాడ్స్ ఉన్నా కాలు పాత బలంతోనే తొక్కుతుంది. స్నేర్ (చేతులతో వాయించే, కింద తీగలున్న డ్రమ్) మెత్తబడి కిక్ ఒక్కటే గదిని నింపేస్తుంది. కిక్ పెడల్‌కు ఫెల్ట్ బీటర్ (మెత్తటి ఉన్ని తల ఉన్న సుత్తి) పెట్టండి, లోపల ఒక దిండు వేయండి, అన్నిటికన్నా ముందు కాలు తగ్గించండి. స్నేర్ వైర్లు కూడా కాస్త వదులు చేయండి, తేలిక దెబ్బకు బిగువు వైర్లు సరిగా పలకవు.

కొత్తబీట్: నిన్న సాధనలో వైర్లు వదులు చేసి, కిక్‌లో దిండు వేశాను. నిజంగానే తేడా ఉంది, గిటార్ వాయించేవాడు ముందుగా గమనించాడు. ఇంట్లో రోజూ అరగంట స్టిక్స్‌తో, ఆ రెండంగుళాల ఎత్తు దాటకుండా వాయిస్తానని మాస్టారికి మాటిచ్చాను. గదిలో మాత్రం రాడ్సే. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, "వచ్చే ఆదివారం మీ గదికి వచ్చి వింటాను" అన్నారు.