దూరపు గురికి ఉక్కు పలక: ఏది కొనాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో మా మిత్రుడి పొలంలో, వెనుక ఎత్తైన మట్టికట్ట ఉన్నచోట, 300 నుంచి 600 గజాల దూరంలో 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్‌తో అభ్యాసం చేయాలనుకుంటున్నాను. పాత ఇనుము దుకాణంలో దొరికే మామూలు పలక సరిపోతుందా?

మొదటి జవాబు: మామూలు ఇనుము వద్దండి. తూటా తగిలిన చోట గుంట పడుతుంది, తరువాతి తూటా ముక్కలు ఆ గుంటలో మళ్లి కాల్చినవారి వైపే రావచ్చు. బ్రినెల్ కొలతలో సుమారు 500 కాఠిన్యం గల ఏఆర్ 500 ఉక్కు, 3/8 అంగుళం మందంతో, మీ దూరాలకు చాలు. పలక నున్నగా ఉన్నంతకాలం చితికిన తూటా దాని తలం వెంబడే చెదిరిపోతుంది కాబట్టి, పైభాగం కాస్త ముందుకు వాలేలా వేలాడదీస్తే ముక్కల్లో ఎక్కువ భాగం నేలకు పోతుంది. అయినా కళ్లద్దాలు తప్పనిసరి.

రెండవ జవాబు: పరిమాణం గురించి ఒక మాట. ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (గురిలో తేడాను కొలిచే కోణం, డిగ్రీలో అరవయ్యో వంతు) 100 గజాల వద్ద 1.047 అంగుళాలు, అంటే 600 గజాల వద్ద 12 అంగుళాల పలక రెండు మినిట్ల కంటే కొంచెం తక్కువే. గాలి అంచనా ఇంకా అలవాటు కానివారికి అది చిన్నదని నా అభిప్రాయం, 18 అంగుళాలది తీసుకోండి. తెల్ల రంగు పూస్తే దెబ్బ తగిలిన చోటు దుర్భిణిలో తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: పెద్ద రేకు కొని గ్యాస్‌తో కోయించుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు: వద్దు, ఆ వేడికి అంచుల చుట్టూ ఉక్కు మెత్తబడుతుంది. నీటిధారతో కోసినది కొనండి, లోపలి భాగం ఉక్కుతో చేసిన తూటాలు మాత్రం దానిపై వాడకండి.