హీలియం నింపిన ఫుట్‌బాల్ గాలిలో తేలుతుందా?

ప్రశ్న: పుట్టినరోజు బెలూన్లకు తెచ్చిన సిలిండరులో మిగిలిన హీలియాన్ని మా అబ్బాయి ఫుట్‌బాల్‌లో నింపాడు. బంతి తేలకపోగా, చేతికి తేడా కూడా తెలియలేదు. కారణమేమిటండీ?

జవాబు: 5వ సైజు (పెద్దల మ్యాచ్‌లలో వాడే) బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది. దాని ఘనపరిమాణం సుమారు 5.6 లీటర్లే కనుక, అది తొలగించే గాలి బరువు, అంటే బంతిని పైకి నెట్టే బలం, 7 గ్రాములకు మించదు. లోపల పూర్తి శూన్యమున్నా అది లేవదు.

ఇంకొకరు: బెలూను తొడుగు పలుచన, బంతిది మందం, అసలు తేడా అదే. పైగా బంతిలో వాయువును ఒత్తి నింపుతాం కాబట్టి, హీలియమైనా ఎక్కువ ఎక్కించేకొద్దీ బరువు పెరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: వంటింటి త్రాసులో తూచాను: హీలియంతో 431 గ్రాములు, మామూలు గాలితో 441.

జవాబు: లెక్క సరిపోయింది: గాలిని ఒత్తి నింపుతాం కనుక బంతి లోపల 7 గ్రాములకంటే ఎక్కువ గాలి ఉంటుంది, అందుకే తేడా 10 గ్రాములు వచ్చింది. హీలియం బ్లాడరు (బంతి లోపలి రబ్బరు సంచి) గుండా గాలికంటే త్వరగా జారిపోతుంది కూడా.