‘పరివర్ధిత పునర్ముద్రణ’ అనవచ్చా? పాటల ఆల్బమ్ గురించి ఒక సందేహం

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఒక చిన్న పత్రిక కోసం అమెరికన్ గాయని అరెథా ఫ్రాంక్లిన్ ‘లైవ్ ఎట్ ఫిల్మోర్ వెస్ట్’ ఆల్బమ్ మీద వ్యాసం రాస్తున్నాను. 1971 మార్చి 5, 6, 7 తేదీల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కచేరీల రికార్డు అది. ఆ మే నెలలోనే పది పాటలతో విడుదలైంది. 2005లో రైనో సంస్థ ఆ మూడు రాత్రుల టేపులను నాలుగు సీడీలుగా తెచ్చింది. మరుసటి ఏడాది రెండు సీడీల ప్రతి కూడా వచ్చింది. వీటిని ‘పరివర్ధిత పునర్ముద్రణ’ అని రాస్తే, మా సంపాదకుడు “పాటలను ముద్రిస్తారా? ఇదేమైనా పంచాంగమా?” అని ఎర్ర గీత పెట్టారు. పోనీ ‘పునర్విడుదల’ అందామంటే పాత సినిమా మళ్లీ థియేటరుకు వచ్చినట్టుంది. ఏమనాలి?

ఆవిడ పాడే సంగీత రీతుల పేర్లు సోల్ (అక్షరాలా ‘ఆత్మ’), ఫంక్ అన్న మాటలను అలాగే ఉంచేశాను. వాటి జోలికి పోవద్దని మనవి.

జవాబు

ఒకచోట ‘ఆత్మ సంగీతం’ అని చదివి, భజనలనుకుని మా అమ్మకు పెట్టి వినిపించాను. అంతకు మించి వాటి జోలికి పోను.

జవాబు

సంపాదకుల వారి ఎర్ర గీతకు నాదో చిన్న అభ్యంతరం. గ్రామఫోను రికార్డు తయారయ్యేదే ముద్ర వేసి కదా! మెత్తటి పూత ఉన్న పళ్లెం మీద ముందు గాడి చెక్కుతారు. దానికి లోహం పట్టించి అచ్చు తీస్తారు. రెండు అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్దను పెట్టి నొక్కుతారు. సీడీ కూడా అచ్చుతో ఒత్తేదే. ఇవాళ్టి పుస్తకానికి ఆఫ్‌సెట్‌లో సిరా అంటడమే తప్ప కాగితం మీద ముద్ర పడేది ఎక్కడ? ఆ లెక్కన ‘ముద్రణ’ అనే మాటకు పుస్తకం కన్నా రికార్డే అసలు హక్కుదారు. ఫోనులో వినే పాటకు మాత్రం ఈ వాదం పనికిరాదు.

జవాబు

ముద్రణ సంగతి ఒప్పుకున్నాను మాస్టారూ. నాకు గొంతు దిగనిది ‘పరివర్ధిత’.

పుస్తకం అట్ట మీద ఆ మాట కనిపిస్తే, రచయిత మళ్లీ కూర్చుని కొత్త అధ్యాయమో అనుబంధమో చేర్చాడని అర్థం. అంటే రచన పెరిగింది. ఇక్కడ మార్చి 7 రాత్రి తరువాత అరెథా ఒక్క స్వరం కూడా చేర్చలేదు. అప్పుడు కోసేసింది ఇప్పుడు తిరిగి వచ్చింది, అంతే. కోయడానికి కారణమూ ఉంది. ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) ఒక్కో వైపు 20–25 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై ధ్వని పలచబడుతుంది. మూడు రాత్రుల పాటను ముప్పావు గంట చిల్లరకు దించాలి. నిర్మాతలు జెర్రీ వెక్స్‌లర్, ఆరిఫ్ మార్డిన్ చేసింది ఆ పనే.

దానికి మనకు చక్కని మాట ఉంది: కూర్పు. పాత పుస్తకాల్లో ‘రెండవ కూర్పు’ అని ఉండేది చూశారా? పాత సినిమా టైటిళ్లలో ఎడిటర్ పేరు ముందు పడేదీ ‘కూర్పు’ అనే మాటే. ఏరి, వరస చూసుకుని, దండగా కూర్చడం. ఆ లెక్కన 1971 నాటి ఆల్బమే కూర్పు. 2005 నాటిది దండ విప్పేసి పూలన్నీ చాప మీద పరవడం.

వింటే తేడా తెలుస్తుంది. ‘రెస్పెక్ట్’ పాట మూడు రాత్రులూ వస్తుంది. 1967 స్టూడియో రికార్డుకు అలవాటుపడిన చెవికి ఆ పరుగు మొదట తడబాటుగానే ఉంటుంది. మూడోసారి వినేసరికి మన చెవి అరెథాను వదిలి, వెనక బెర్నార్డ్ పర్డీ డ్రమ్ముల మీదికి పోతుంది. కూర్పులో ఆ అవకాశం లేదు, అక్కడ పాట ఒక్కసారే వచ్చి వెళ్లిపోతుంది.

అందుకని నాలుగు సీడీల దాన్ని ‘సమగ్ర ప్రతి’ అనండి. ‘పరివర్ధిత’ వద్దు.

జవాబు

సమగ్ర ప్రతి బాగుంది. మరి ఒకే పాట మూడు రాత్రుల్లో మూడు రకాలుగా ఉంటే ఆ మూడింటినీ ఏమంటారు? నాకు వెంటనే తట్టినది ‘పాఠాంతరం’, అంటే ఒకే పద్యం వేర్వేరు రాతప్రతుల్లో వేర్వేరుగా ఉండడం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులు పోగుచేసి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించాడు. (ఈ సంగీతంలోనూ ఒక బ్రౌన్ ఉన్నాడు, గాయకుడు జేమ్స్ బ్రౌన్. ఆయన అపోలో థియేటర్ కచేరీ గురించి మొదలుపెడితే ఈ చర్చ తెల్లవారినా తెమలదు.)

కానీ ఆలోచిస్తే పాఠాంతరం అతకడం లేదు. రాతప్రతుల్లో కవి చెప్పినది ఒకటే, మిగతావి లేఖకుల చేతివాటం అనుకుంటాం. పరిష్కర్త ఆ ఒక్కదాని కోసం వెతుకుతాడు. కచేరీలో మూలం ఏదని వెతుకుతారు? శుక్రవారం పాడిందీ అసలే, ఆదివారం పాడిందీ అసలే.

దీనికి దగ్గర పోలిక మన పద్యనాటకంలో ఉంది. చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్లలో రాయబారం చూసేవాళ్లం. జనం ‘వన్స్ మోర్’ అనగానే కృష్ణుడు కిరీటం సర్దుకుని అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు. ఈసారి రాగం వేరే దారిన పోయేది, హార్మోనిస్టు వెతుక్కుంటూ వెంటపడేవాడు. నాటకం పుస్తకంలో ఆ పద్యం ఒక్కసారే ఉంటుంది. మాకు జ్ఞాపకం ఉన్నది రెండోసారి పాడినదే.

మార్చి 7న జరిగిందీ అదే. ‘స్పిరిట్ ఇన్ ద డార్క్’ పాడేశాక, జనంలో కూర్చున్న గాయకుడు రే చార్ల్స్‌ను అరెథా స్వయంగా వేదిక మీదికి తెచ్చింది. ఆయన ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్నాడు, పాట మళ్లీ మొదలైంది, దాదాపు 9 నిమిషాలు సాగింది. అంత పిసినారి కూర్పులోనూ నిర్మాతలు ఆ రెండింటినీ ఉంచారు. కనుక నా ఓటు ‘వన్స్ మోర్’కే. వందేళ్ల నాటకాల పందిళ్లలో నానిన మాట, దాన్ని ఇంకా ఇంగ్లీషు అనకండి.

జవాబు

మరి బోనస్ పాటలను ‘ప్రక్షిప్తాలు’ (తరవాత ఎవరో దూర్చినవి) అనవచ్చా?

జవాబు

ఆ రాత్రులవే అయితే అనకూడదండీ. వేరే ఊరి కచేరీ నుంచి తెచ్చి దూర్చితే నిరభ్యంతరంగా అనవచ్చు.

ప్రశ్న అడిగిన నేనే

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు సీడీల దానికి ‘సమగ్ర ప్రతి’, రెండు సీడీల దానికి ‘అదనపు పాటలతో రెండవ కూర్పు’ అని రాసి పంపాను. ఈసారి ఎర్ర గీత పడలేదు. ‘వన్స్ మోర్’ చూసి మాత్రం సంపాదకుడు ఫోను చేసి నవ్వారు. ఉంచారో లేదో పత్రిక వస్తే తెలుస్తుంది.

ఇంకొక్క చిక్కు. అరెథా వెనక వాయించినది శాక్సొఫోను విద్వాంసుడు కింగ్ కర్టిస్ బృందం. ఆవిడ వేదిక ఎక్కే ముందు వాళ్లు విడిగా వాయించిన భాగం 1971 ఆగస్టులో వేరే ఆల్బమ్‌గా వచ్చింది. ఆ నెల 13న న్యూయార్కులో ఆయనను కత్తితో పొడిచి చంపారు. సమగ్ర ప్రతిలో ఈ రెండు భాగాలూ ఒకచోట చేరాయి. కర్టిస్ భాగంలో ‘మెంఫిస్ సోల్ స్ట్యూ’ అని ఒకటుంది. అందులో ఆయన వంట చెబుతున్నట్టు కొలతలతో వాద్యాలను ఒక్కొక్కటిగా పిలుస్తాడు: అర టీకప్పు బాస్, ఒక పౌను డ్రమ్స్, చిటికెడు ఆర్గన్. పిలిచిన వాద్యం వచ్చి చేరుతుంది. ఈ స్ట్యూను ‘పులుసు’ అనేయవచ్చా?

జవాబు

పులుసు అంటే చేపదా, కోడిగుడ్డుదా అని అడుగుతారు. దినుసు తరవాత దినుసు పడుతోంది, అన్నీ కలిసి ఉడుకుతున్నాయి, అయినా ఏ ముక్క రుచి ఆ ముక్కకు విడిగా తెలుస్తోంది. మా ఇంట్లో దాన్ని దప్పళం అంటారు.