పురానాపూల్ మీద మళ్ళీ వాహనాలను అనుమతించవచ్చా?

ప్రశ్న (మూసీతీరం):
హైదరాబాదులో మూసీ నది మీదున్న పాత రాతి వంతెన పురానాపూల్ మీద చాలాకాలంగా వాహనాలు తిరగడం లేదు. రద్దీ అంతా పక్కనున్న కొత్త వంతెన మీదుగా సాగుతుండగా, పాత వంతెన మీద కూరగాయల అంగళ్ళు నడుస్తున్నాయి. శతాబ్దాలుగా నిలిచిన కట్టడం ఆటోలనూ ద్విచక్ర వాహనాలనూ మోయలేదా అని కొందరు అడుగుతున్నారు. అంగళ్ళ వల్లనే వంతెన పాడవుతోందని మరికొందరు అంటున్నారు. రాతి కట్టడాల సంగతి తెలిసినవారు వివరించగలరా?

జవాబు (రాతికట్టు):
ఈ వంతెనను గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1578లో, అంటే హైదరాబాదు నగరం వెలియడానికి 13 ఏళ్ళ ముందే, గోల్కొండ వైపు నుంచి నది దాటడానికి రాతితో, సున్నంతో కట్టారు. (ప్యారిస్‌లో సేన్ నది మీద పాంట్ న్యూఫ్ వంతెన పని మొదలైనదీ ఆ ఏడాదే. 17వ శతాబ్దపు యాత్రికుడు తవేర్నియే మన వంతెన అందంలో దానికి ఏమంత తీసిపోదని రాశాడు.) దాదాపు 600 అడుగుల పొడవులో 22 కమానులున్నాయి. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని ఒత్తుతూ పైబరువును దిమ్మలకూ (కమానులను మోసే లావాటి రాతి స్తంభాలకూ), దిమ్మల నుంచి పునాదికీ దించుతుంది కనుక, నిలకడగా పడే బరువు ఎక్కువైనా ఆ నిర్మాణానికి పెద్ద ఇబ్బంది లేదు. అది ఓర్చుకోలేనివి రెండు: దిమ్మ కుంగడం, రాళ్ళ మధ్య సున్నం వదులు కావడం. రోజంతా ఆగకుండా చక్రాలు పుట్టించే అదురు రెండో దానికి దారితీస్తుంది. ఆటోలను అనుమతిస్తే వాటి వెనుక సరుకు బండ్లు రాకుండా ఆపడం మన ఊళ్ళో సాధ్యమయ్యే పని కాదు. అందుచేత వాహనాలు వద్దనే నా అభిప్రాయం.

జవాబు (సున్నంపని):
పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే అసలు ప్రమాదం కింద నీటిలో ఉంది. దిమ్మలు లావుగా ఉండే రాతి వంతెనలో నీటికి దారి ఇరుకవుతుంది. వరద వచ్చినప్పుడు ఆ ఇరుకులో వేగం పెరిగి దిమ్మల అడుగున మట్టిని తవ్వుకుపోతుంది. 1820 వరదలో దెబ్బతిన్న ఈ వంతెనను మూడో నిజాం సికిందర్ జా కాలంలో బాగుచేశారు. 1908 సెప్టెంబరు వరద అఫ్జల్ వంతెనను కొట్టుకుపోయినప్పుడు ఇది దెబ్బతిని కూడా నిలబడింది, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మళ్ళీ మరమ్మతు జరిగింది. ఈనాడు మనం చూస్తున్నది ఇలా మళ్ళీ మళ్ళీ చేసిన మరమ్మతుల వల్ల మిగిలిన వంతెన. 1908 వరద తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చినా, వాటి గేట్లు ఎత్తిన ప్రతిసారీ నీరు ఈ కమానుల కిందుగానే పోవాలి. కాబట్టి వానాకాలానికి ముందూ వెనుకా దిమ్మల అడుగును పరీక్షించడం, కమానుల కింద పేరుకున్న చెత్తను తీయడం అన్నింటికన్నా ముఖ్యం.

సందుల్లో మొలిచిన రావి మొక్కలను పైపైన కోస్తే వేరు లోపల బలుస్తూనే ఉంటుంది, వేరుతో సహా చంపాలి. ఆ సందులను సిమెంటుతో పూడ్చడం మాత్రం మేలు పేరుతో చేసే హాని. సిమెంటు గట్టిది, నీటి ఆవిరిని బయటికి పోనివ్వదు; లోపలికి చేరిన తేమ అక్కడే నిలిచి పాత సున్నాన్ని బలహీనపరుస్తుంది. గానుగలో ఆడించిన డంగు సున్నంతోనే మరమ్మతు చేయాలి.

జవాబు (కార్వాన్ వాసి):
అంగళ్ళ మీద వేస్తున్న నింద గురించి చెప్పాలి. కూరగాయల బుట్టల బరువు ఈ వంతెనకు లెక్కలోనిది కాదు, అదురు అసలే లేదు. హాని చేసేది ఆకుకూరల మీద పగలంతా చల్లే నీరు, కుళ్ళిన చెత్త, మూసుకుపోయిన నీటి తూములు. ఆ నీరు వంతెన పైభాగం గుండా కమాను లోపలికి ఇంకితే పైన చెప్పిన సున్నమే కరుగుతుంది. అందుకు అమ్ముకునేవారిని వెళ్ళగొట్టవలసిన పని లేదు. పైభాగాన్ని నీరు ఇంకకుండా సరిచేసి, తూములు తెరిచి, చెత్త ఏ పూటకు ఆ పూట ఎత్తే ఏర్పాటు చేస్తే చాలు. రోజూ అక్కడే కూర్చునేవారు కొత్త పగులునూ కొత్త మొలకనూ తనిఖీకి వచ్చే ఇంజనీరు కంటే ముందే చూస్తారు. వారు చెబితే రాసుకుని చర్య తీసుకునే అధికారి ఒకరిని ఆ వంతెనకు కేటాయించమని మనం అడగాలి.