యుద్ధకాలపు లండన్ బొమ్మ: ఈ వీధి ఏదో చెప్పగలరా?

నా దగ్గర ఓ పాత వాటర్‌కలర్ ఉంది. సంతకం ఉన్న మూల చెమ్మకి పాడైపోయింది, ఒక్క అక్షరం కూడా ఆనడం లేదు. భూతద్దం పెట్టి చూస్తే అచ్చు చుక్కలేమీ లేవు, కాబట్టి చేత్తో వేసిందే.

ఇరుకు వీధి, రెండు పక్కలా సగం కూలిన ఇళ్ళు, చివర్లో పొగలోంచి సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం. మిగిలిన కిటికీ అద్దాలకి అడ్డంగా పట్టీలు అంటించి ఉన్నాయి, పగిలినా ముక్కలు ఎగరకుండా. ఫుట్‌పాత్ అంచుకి తెల్లరంగు, శత్రు విమానాల భయంతో దీపాలన్నీ ఆర్పేసే బ్లాకౌట్ చీకట్లో కనబడటానికి. ఓ మూల ఒకావిడ గాజుముక్కలు ఊడుస్తోంది, ఏదో రోజూ వాకిలి ఊడ్చినట్టే! 1940 సెప్టెంబరు నుంచి 1941 మే దాకా సాగిన బాంబుదాడుల నాటిదని నా అనుమానం.

మొదట పాటర్‌నోస్టర్ రో అనుకున్నాను. 1940 డిసెంబరు 29 రాత్రి అక్కడి పుస్తకాల గోదాములు తగలబడ్డాయి. కానీ ఆ వీధి చర్చికి ఉత్తరం పక్కన ఆనుకుని ఉండేది. బొమ్మలో గుమ్మటం ఎదురుగా, కాస్త దూరంగా ఉంది. మరి తూర్పున ఉన్న వాట్లింగ్ స్ట్రీట్ అయ్యుంటుందా? ఆ వీధుల్లో తిరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. అలాగే చెమ్మ మరక జోలికి నేను వెళ్ళొచ్చా, లేక తెలిసినవాళ్ళకే ఇవ్వాలా?