'ఓడ శిక్షార్హం' అనవచ్చా?

ప్రశ్న: ఓడల్లో పనిచేసేవాళ్ల కోసం ఒక కరపత్రం రాస్తున్నాం. అందులో "భద్రతా నిబంధనలు ఉల్లంఘించి రేవులోకి వచ్చిన ఓడ శిక్షార్హం" అని ఉంది. చదివితే ఏదో తేడాగా అనిపిస్తోంది. ఎలా సరిదిద్దాలి?

జవాబు: తేడా కర్త దగ్గరే ఉందండీ. 'శిక్షార్హమైన నేరం' అనడం మనకు అలవాటే. అక్కడ శిక్షకు తగినది నేరం. మీ వాక్యంలో నేరం పోయి, దాని చోట ఓడ వచ్చి కూర్చుంది. ఓడను జైల్లో పెట్టరు కదా!

ఇది వ్యాకరణంతో తీరిపోయే విషయం కాదు. ఓడల, రేవుల సెక్యూరిటీ కోసం తెచ్చిన అంతర్జాతీయ నియమావళి ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఓడ రేవుకు రాకముందే అధికారులు వివరాలు అడగవచ్చు: సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లుతుందా, ఇప్పుడు ఏ సెక్యూరిటీ లెవెల్‌లో (ముప్పును బట్టి పెంచే జాగ్రత్తల స్థాయి) ఉన్నారు, గత 10 రేవుల్లో ఏ లెవెల్‌లో ఉన్నారు అని. కెప్టెన్ చెప్పనంటే ఓడను రానివ్వకపోవచ్చు. నిబంధనలు పాటించడం లేదనడానికి గట్టి ఆధారం దొరికితే తనిఖీ చేయవచ్చు, ఆపేయవచ్చు, రేవు నుంచి పంపేయవచ్చు. ఇవన్నీ ఓడ మీద తీసుకునే చర్యలు. శిక్షలు కావు. అకారణంగా ఆపి ఆలస్యం చేస్తే ఓడకు నష్టపరిహారం అడిగే హక్కు కూడా ఉంది.

జైలుశిక్ష ఎంత, జరిమానా ఎంత అన్నది ఆ కోడ్‌లో ఉండదు. ఏ దేశానికి ఆ దేశం తన చట్టంలో రాసుకుంటుంది. ఆ శిక్ష పడేది మనిషికో, కంపెనీకో. ఓడ మీద చర్యనూ, మనిషికి పడే శిక్షనూ ఒకే మాటలో కలిపేస్తే, తన మీద కేసు పడవచ్చన్న సంగతి చదివే కెప్టెన్‌కు అర్థం కాదు. నాకు అదే బాధ. అందుకే రెండు వాక్యాలు చేయండి:

"సెక్యూరిటీ నిబంధనలు పాటించని ఓడను రేవులోకి రానివ్వకపోవచ్చు, వచ్చాక ఆపేయవచ్చు. ఆ ఉల్లంఘన రేవు ఉన్న దేశపు చట్టం ప్రకారం నేరమైతే కెప్టెన్‌కు, కంపెనీకి శిక్ష పడవచ్చు."

మరొకరు: జరిమానా పారసీ నుంచి వచ్చిన మాట. పాత తెలుగులో 'దండుగ' ఉందిగా, అది వాడకూడదా?

జవాబు: ఆ అర్థం నిఘంటువులో ఉంది, నిజమే. కానీ ఇవాళ దండగ అంటే వృథా ఖర్చు. 'కంపెనీకి దండుగ పడింది' అని రాస్తే వ్యాపారంలో నష్టం వచ్చిందనుకుంటారు. జరిమానాయే ఉంచండి. కాకపోతే నేరానికి పడేదైతే 'కోర్టు విధించే జరిమానా' అనండి. కోర్టుకు వెళ్లకుండా అధికారులే వేసేవీ ఉంటాయి, అవి వేరు.

ప్రశ్న అడిగినవారు: నేను 'భద్రతా నిబంధనలు' అని రాస్తే, మీరు 'సెక్యూరిటీ' అని మార్చారేం?

జవాబు: కావాలనే మార్చానండీ. మంటలు ఆర్పడం, లైఫ్ జాకెట్లు వేసుకోవడం కూడా మనకు భద్రతే. ఓడ మీద మాత్రం వాటిని సేఫ్టీ అంటారు. బయటివాళ్లు చొరబడకుండా, ఆయుధాలు ఎక్కకుండా చూసేది సెక్యూరిటీ. రెండింటికీ వేర్వేరు నియమాలు, వేర్వేరు సర్టిఫికెట్లు. కరపత్రం చదివేవాళ్లు రోజూ పలికే మాట అదే కాబట్టి అలాగే ఉంచండి.